కొండ ఒప్పుకొన్న దారి

విశాఖపట్టణము నుండి అరకులోయకు పోవునప్పుడు శృంగవరపుకోట దాటువఱకును దారికిని మనకును పెద్ద సంభాషణ ఏదియు జరుగదు. వరిమళ్లు, తాటితోపులు, మామిడితోటలు, సంతకు పోవు ఆటోలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి పోవుచుండును. నడుపువాని చేతులు స్టీరింగుమీద ఉన్నవన్న మాటయే గాని వానికి పని ఉండదు. అంతదనుక ఆకాశపుటంచున నీలిమేఘమువలె పరుండియున్న కొండ దగ్గఱకు వచ్చి పచ్చబడి, చెట్టు చెట్టుగా విడివడి, బండఱాళ్లతో, గెడ్డలతో, ఎఱ్ఱమట్టి కోతలతో స్పష్టమై ఎదుట నిలుచువేళ, దారి మొదటిసారిగా ప్రక్కకు ఒరిగి, ఒకవైపు గోడవలె లేచిన కొండను ఆనుకొని, ఒకవైపు లోయను తెఱచి చూపుచు పైకి సాగుట మొదలిడును. ఇంజను స్వరము మాఱును. చెవులు దిబ్బడ వేయును. కిటికీలోనుండి వచ్చు గాలిలో తడిమట్టి వాసనయు, పేరు తెలియని ఆకుల పసరు వాసనయు కలిసి తగులును. ముప్పది ఏండ్లుగా ఎఱిగిన మలుపే అయినను, ఆ చోటికి వచ్చునప్పటికి నా నడుము తనంత తాను నిటారగును.

ఇట్టి దారిని మనము ఘాట్ రోడ్డు అందుము. విశాఖ మన్యమున దానిని 'ఘాటీ' అని పిలుచుట కలదు. "ఘాటీ దిగినాక టీ తాగుదాం" అని డ్రైవరు అన్నచో అది ప్రయాణములో ఒక ఘట్టము ముగియుటకు గుర్తు. ఈ ఘాటీలమీద బండి నడుపుట అనెడి ఆనందమును గూర్చియే ఈ వ్యాసము వ్రాయుచున్నాను. గమ్యము చేరుటకు దారి యొక సాధనమాత్రమని తలచువారికి వంకర దారి కేవలము ఆలస్యము. నాకట్లు తోచదు. తిన్నని రహదారిమీద మనిషి బండిలో కూర్చుండును. మలుపుల దారిమీద బండి నడుపును. ఈ రెంటికిని గల భేదము గుఱ్ఱపుబండిలో పడి నిద్రించుటకును గుఱ్ఱమెక్కి సవారి చేయుటకును గల భేదమువంటిది.

ముందుగా, దారి ఏల వంకరలు పోవును? పల్లపు నేలమీద పెరిగినవారు ఇది ఇంజనీరు చిత్తమనియో, ఖర్చు తగ్గించుకొనుటకు పన్నిన ఉపాయమనియో అనుకొందురు. నిజమునకు ఇది కొండకును ఇంజనుకును కుదిరిన ఒప్పందము. కాలినడకన పోవువాడు మోకాలిమీద చేయి ఊని నిట్టనిలువు మెట్లనైనను ఎక్కగలడు. నిండు బరువుతో పోవు బస్సు ఎక్కలేదు, ఎక్కినను మరల క్షేమముగా దిగలేదు. కనుక మన దేశపు రహదారుల నిర్మాణ నియమములలో కొండప్రాంతములకు సాధారణముగా ఇరువది అడుగులు ముందుకు పోయినచో ఒక అడుగు పైకి లేచునంత వాలు తగునని నిర్ణయించిరి. మఱి తప్పనిసరియైన చోట్ల పదునాలుగింటికి ఒకటి వఱకు పోవచ్చును. కొండ అంతకంటె నిటారుగా ఉన్నప్పుడు దారి ఒక్కటే పని చేయగలదు: పొడవు పెంచుకొనవలెను. కొండ వాలునకు అడ్డముగా పోయి, పోయి, ఇక చోటు లేనిచోట వెనుకకు మళ్లి, అదే వాలుమీద కొంచెము ఎగువగా మరల నడువవలెను. ఆ వెనుకకు మళ్లుటయే హెయిర్‌పిన్ మలుపు. స్త్రీలు జడలో దోపుకొను పిన్నును చూచిన ప్రతివారికిని ఆ పేరు ఏల వచ్చినదో తెలియును.

ఈ లెక్కను కన్నులార చూడదలచినవారు తిరుమలకు పోవలెను. అలిపిరి నుండి కొండమీదికి 3,550 మెట్లు. శతాబ్దములుగా భక్తులు ఎక్కిన త్రోవ అది. కాళ్లు సాగనివారిని డోలీలలో మోసికొనిపోయెడివారు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెఱచినప్పుడు గాని చక్రము ఏడుకొండలు ఎక్కలేదు. ఆ దారి రూపకల్పనతో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేరు ముడివడియున్నది. సుమారు 700 మీటర్ల ఎత్తును అందుకొనుటకు అది 19 కిలోమీటర్ల పొడవు తీసికొన్నది. త్రోవలో 36 హెయిర్‌పిన్ మలుపులు కలవు. 1974లో రెండవ దారి వచ్చిన పిదప, ఎక్కువారికి క్రొత్తది, దిగువారికి పాతది అని విభజించిరి. ఇది చిన్న మాటగా తోచును గాని ఎదురుబండి అను భయమును ఆ యేర్పాటు ఒక్కపెట్టున తొలగించినది. పాతదారిని దిగునప్పుడు ఒక మలుపునకును మఱియొక మలుపునకును నడుమ తిరుపతి పట్టణము ఒకసారి కుడిచేతివైపున, ఒకసారి ఎడమచేతివైపున కనబడుచు, ప్రతిసారియు కొంచెము పెద్దదగుచు, ఇండ్ల డాబాలు, గోపురము, రైలుపట్టాలు ఒక్కొక్కటిగా తేటపడును. మొక్కు చెల్లించుకొని దిగు కుటుంబములోని పిల్లలు కారు వెనుక కిటికీకి ముఖములు ఆనించి ఆ పట్టణముతో దోబూచులాడుచుందురు.

ఇక మలుపులో ఏమి జరుగునో కొంచెము దగ్గఱగా చూతము. ఏలయనగా ఈ ఆనందమంతయు అందులోనే ఉన్నది. కదలుచున్న బండి తిన్నగా పోవుటకే ఇష్టపడును. దానిని వంపులోనికి త్రిప్పవలెనన్నచో ఎవరో ప్రక్కనుండి త్రోయవలెను. త్రోయునది ఎవరు? నాలుగు టైర్లు నేలను పట్టుకొన్న చోటు మాత్రమే. ఒక్కొక్క టైరు నేలను తాకు భాగము మన అరచేయి కంటె ఎంతో పెద్దది కాదు. ఆ నాలుగు అరచేతుల పట్టుమీదనే బండియు, బండిలోని ప్రాణములును ఆధారపడియున్నవి. కొండదారి హెయిర్‌పిన్ మలుపునకు లోపలి వంపు వ్యాసార్ధము 14 మీటర్లకు తగ్గకూడదనియు, అచ్చట గంటకు 20 కిలోమీటర్ల వేగమును ఉద్దేశించి దారి వేయవలెననియు నియమము. ఆ వంపున ఆ వేగముతో పోవు బండికి, తన బరువులో ఐదవవంతునకు కొంచెము మించిన పట్టు చాలును. అది తడిదారియైనను ఇయ్యగలదు. అదే మలుపున వేగము 40 అయినచో కావలసిన పట్టు రెట్టింపు కాదు, నాలుగింతలు. అనగా బండి బరువులో ఇంచుమించు పదింట తొమ్మిది వంతులు. పొడిగా నున్న మంచి దారియే దానిని ఇచ్చుట కష్టము. వాన కురిసిన దారి ఇయ్యదు. వేగము రెట్టింపైనప్పుడు ప్రమాదము నాలుగింతలగునను ఈ వర్గపు లెక్క తెలిసినవాడు మలుపునకు ముందుగానే కాలు వెనుకకు తీయును.

దారి వేసినవారు మనకు రెండు రహస్యోపకారములు చేసియున్నారు. మలుపులో దారి బయటి అంచు లోపలి అంచుకంటె ఎత్తుగా ఉండును. దానిని మేస్త్రీలు 'వాటం' అందురు. బండి బయటికి పోజూచునప్పుడు ఆ వాటము దానిని లోపలికి ఒరగించి టైర్లకు తోడుపడును. మంచు పడని కొండదారులలో ఈ వాటము నూటికి పదివంతుల వఱకు ఉండవచ్చును. రెండవది, మలుపున దారి వెడల్పు పెంచుదురు; ముందు చక్రములు పోయిన జాడను వెనుక చక్రములు అనుసరింపక లోపలికి కోసికొని పోవును గనుక, పొడుగు బస్సుకు ఆ అదనపు చోటు లేనిచో పిట్టగోడకు రాచుకొనును. ప్రయాణికులలో ఎవరును దీనిని గమనింపరు. ఇట్లు గమనింపబడని మేలు చేసినవారియెడ నాకు గౌరవము మెండు.

నడుపుటలో మెలకువ ఏమనగా, పని యంతయు మలుపునకు ముందే ముగించుకొనవలెను. బ్రేకు, గేరు తగ్గించుట, అద్దము చూచుకొనుట, అన్నియు తిన్నని నేలమీదనే. మలుపులో ప్రవేశించిన తరువాత బ్రేకును గట్టిగా త్రొక్కినచో, త్రిప్పుటకు వినియోగపడవలసిన పట్టును ఆపుటకు ఖర్చుపెట్టినట్లగును. ఒకే రూపాయితో రెండు వస్తువులు కొనజూచుట వంటిది అది. నెమ్మదిగా ప్రవేశించి, మలుపు నడుమ ఆక్సిలేటరును ఉన్నదో లేదో అన్నంత తేలికగా పట్టియుంచి, ఎదుట దారి తెఱచుకొన్న కొలదిని కాలు నొక్కుచు బయటికి వచ్చినప్పుడు బండి ఎవరినో బలవంతపెట్టినట్లు కాక, తనంత తాను నీటివలె జారిపోవును. ఆ క్షణమున వెన్నెముకకు తెలియు హాయి మాటలలో పెట్టుట కష్టము. గాయకుడు సంగతి వేసి తిరిగి పల్లవి ఎత్తుకొనునప్పుడు తాళము సరిగా చేతిలో పడినచో సభలో కూర్చున్నవాని తల ఎట్లు ఆడునో, అట్టిది.

కనబడని మలుపు ఎంత బిగువుగా ఉన్నదో ముందుగా తెలిసికొనుటకు ఒక ఉపాయము కలదు. దారికి రెండు అంచులును ఎదుట ఒకచోట కలిసినట్లు తోచును గదా. ఆ కూడలిని చూచుచుండవలెను. మనము దగ్గఱయైన కొలదిని అది దూరముగా జరిగిపోవుచున్నచో మలుపు విచ్చుకొనుచున్నదన్నమాట. అది కదలక నిలిచి మనమీదికి వచ్చుచున్నచో మలుపు బిగియుచున్నది, కాలు తీయవలెను. కనబడినంత మేర లోపల బండిని ఆపగల వేగమే వేగము. ఎదుటివైపు చూపు అందని మలుపున నడిగీత దాటి లోపలికి కోసికొని పోవుట నేర్పు కాదు. అది ఎవని ఇంటి దీపమునో పణముగా పెట్టి ఆడు జూదము. ఖాళీగా కనబడు ఘాట్ రోడ్డుమీద ఎపుడును ఎవరో ఒకరు ఉందురు: కట్టెలమోపు నెత్తిన పెట్టుకొన్న అవ్వ, మేకలను తోలుకొనిపోవు కుఱ్ఱవాడు, పంక్చరైన మోటారుసైకిలు ప్రక్కన కూలబడిన మనిషి. హుషారుగా బండి నడుపుటలోని సొగసును నేను ప్రేమింతును. కాని ఆ హుషారు మనస్సునకును చేతులకును ఉండవలసినది, వేగపు ముల్లునకు కాదు. నలుబదిలో నడచినను నిండుగా ఆనందింపదగిన దారులివి.

ఈ జ్ఞానము నాకు పుస్తకములవలన రాలేదు. ఇరువదియాఱవ ఏట ఒక మిత్రుని కారు అడిగి తీసికొని అరకు వెళ్లి తిరిగి వచ్చుచుంటిని. ఎక్కునప్పుడు ఇంజను ఆయాసపడినది గనుక జాగ్రత్తగా ఎక్కితిని. దిగునప్పుడు బండి తనంత తాను పరుగెత్తుచుండగా సంబరపడి, పై గేరులోనే ఉంచి, మలుపు మలుపునకును బ్రేకు త్రొక్కుచు దిగితిని. అనంతగిరి దాటి చాలదూరము వచ్చునప్పటికి కాలిన గోనెసంచి వాసనవంటిది లోపలికి కొట్టినది. వెంటనే వచ్చిన మలుపున బ్రేకు పెడలు మెత్తబడి, తడి దూదిమీద అడుగు వేసినట్లు, సగము వఱకు ఊరక దిగిపోయినది. ఆ క్షణమున నేను భయపడితినని చెప్పుట చాలదు, నోరు ఎండిపోయినది. గేరు తగ్గించి, హాండ్‌బ్రేకు కొంచెము కొంచెముగా లాగి, కొండవైపు కాలువ అంచున బండిని ఎట్లో నిలిపితిని. ముందు చక్రములనుండి సన్నని నీలిపొగ లేచుచుండెను. సీసాలోని నీళ్లు తీసికొని చక్రములమీద పోయబోవుచుండగా, ఎగువనుండి వచ్చి ఆగిన లారీలోనుండి నెరసిన మీసముల డ్రైవరొకడు దిగి చేయి అడ్డము పెట్టెను.

"పోయకండి బాబూ! మండే పెనం మీద చన్నీళ్లు పోస్తే ఏటవుద్ది? పగులుద్ది. ఓ గంట ఊరుకోండి, గాలికే చల్లారుద్ది."

ఆ గంటసేపు అతడు తన లారీని కొంచెము దిగువగా నిలుపుకొని, మా వెనుక రెండు మలుపుల మేర దారిమీద ఆకుకొమ్మలు విఱిచి పెట్టివచ్చి, వచ్చు బండ్లను చేయి ఊపి హెచ్చరించుచుండెను. పోవునప్పుడు మాత్రము నాతో ఒక్క మాట చెప్పెను: "ఏ గేరులో ఎక్కినారో ఆ గేరులోనే దిగాల. బ్రేకు ఉన్నది ఆపడానికి బాబూ, దింపడానికి కాదు."

ఆ మాట వెనుక గల భౌతికశాస్త్రమును పిదప లెక్కవేసి చూచితిని. 1,200 కిలోల బరువుగల కారు 900 మీటర్ల ఎత్తునుండి దిగినప్పుడు, ఆ ఎత్తులో దాచుకొన్న శక్తి యెక్కడికో ఒకచోటికి పోవలెను. కొంత గాలి తీసికొనును, కొంత టైర్ల రాపిడిలో పోవును. తక్కిన దానినంతయు బ్రేకులమీద పెట్టితిమా, అది వేడిగా మాఱును. మొత్తము వేడియే అయినచో ముప్పది లీటర్ల చల్లని నీటిని మఱగించుటకు చాలును. అఱచేతంతటి బ్రేకు పట్టీలు ఆ వేడిని ఎంతసేపు భరించును? మితిమీరి కాగిన పట్టీ పట్టు వదలును. వేడి మఱింత ఎక్కినచో బ్రేకు గొట్టములోని ద్రవము మఱిగి బుడగలు కట్టును. బుడగ నొక్కుకొనిపోవును గనుక పెడలు దిగిపోవును, బండి ఆగదు. తక్కువ గేరులో దిగినప్పుడు ఇంజనే చక్రములను వెనుకకు పట్టి లాగును. బండిని న్యూట్రల్‌లో పెట్టి పెట్రోలు ఆదా చేయుదమని దిగువారు ఈ ఆసరాను చేతులార వదలుకొన్నవారు. కొండదారిలో దిగు బండి, ఎక్కు బండికి దారి ఈయవలెనన్న మన రహదారి నిబంధన సైతము ఇట్టి అనుభవమునుండియే పుట్టినది. వాలుమీద ఆగిన నిండు బస్సు తిరిగి కదలుట ఎంత ప్రయాసయో డ్రైవర్లకు తెలియును.

ప్రయాణికుల బాధ వేఱు. నడుపువానికి కడుపులో త్రిప్పదు. వెనుక కూర్చున్నవానికి త్రిప్పును. లోపలి చెవిలోని ద్రవము వంపు వంపునకును కదలి ఒక సమాచారము పంపును. ఫోనులోనో పుస్తకములోనో నిలిపిన కన్ను ఏమియు కదలుట లేదని మఱియొకటి పంపును. ఈ రెండు సాక్ష్యములు పొసగక మెదడు తికమకపడును. నడుపువానికి మలుపు రాకమునుపే దేహమంతయు సిద్ధమైయుండును గనుక ఆ వైరుధ్యము లేదు. ముందు సీటులో కూర్చుండి దూరపు దారిని చూచుట మంచి మందు. మన తల్లులు కొంగున కట్టి తెచ్చు నిమ్మకాయను గూడ నేను తీసివేయను.

కొండను గూర్చి చెప్పక దారిని గూర్చి చెప్పినచో సగమే చెప్పినట్లగును. తూర్పుకనుమల ఈ భాగమున విస్తారముగా కనబడు రాతికి భూగర్భశాస్త్రజ్ఞులు ఖోండలైటు అని పేరు పెట్టిరి. ఈ కొండలలో తరతరములుగా నివసించు ఖోండుల పేరు అది. కోణార్క దేవాలయమును కట్టినదియు ఈ జాతి రాతితోనే. చెక్కుటకు అనువైనది, కాని గాలికిని నీటికిని త్వరగా లొంగును. లొంగి ఎఱ్ఱమట్టి యగును. కావుననే వానకాలమున ఘాటీలో కోతగోడలు జారి దారిమీద పడును. గట్టి వాన కురిసిన మఱునాడు ఎఱ్ఱనీరు దారికి అడ్డముగా పాఱుచున్నచోట, పైన చెట్టు ఒరిగియున్నచోట, ఆగక సాగిపోవుటయే మేలు. ఫొటో తీసికొనుటకు అది చోటు కాదు.

అనంతగిరి దాటిన పిదప సిల్వర్ ఓకు చెట్లు బారులు తీరి నిలుచును. వాని మొదళ్లకు మిరియపు తీగెలు, వాని నీడన కాఫీ పొదలు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. వేసవి తొలి జల్లులకు కాఫీ పూచినప్పుడు కొమ్మమీద మంచు పడినట్లు తెల్లని పూలు గుత్తులు గుత్తులుగా విచ్చి, మల్లెను దలపించు వాసనతో మలుపులన్నియు నిండును. నవంబరు, డిసెంబరు నెలలలో లోయలోనికి దిగునప్పుడు వలిసెపూల పసుపు కన్నులను కప్పివేయును. ఈ కొండలనే ఎక్కు కొత్తవలస–కిరండూలు రైలుమార్గము అక్కడక్కడ దారికి తోడు వచ్చును. రైలునకు మోటారుబండి ఎక్కినంత వాలు పనికిరాదు. హెయిర్‌పిన్‌గా మళ్లుటయు దానికి చేతకాదు. కనుక అది 58 సొరంగములు త్రవ్వుకొని కొండ కడుపులోనుండి పోయినది. ఒకే కొండకు ఈ రెండు దారులు పలికిన సమాధానములను ఒకే చూపులో చూడగలుగు చోట్లు ఈ ఘాటీలో కలవు.

ఐతే ఈ అందమునకు వెనుక ఒక అప్పు ఉన్నది. దానిని చెప్పక తప్పదు. నర్సీపట్టణము నుండి లంబసింగి మీదుగా చింతపల్లికి ఎక్కు దారి నేడు శీతకాలమున మంచు చూడవచ్చువారితో క్రిక్కిఱిసియుండును. తెల్లవాఱుజామున కార్ల దీపములు మలుపు మలుపునను బారులు కట్టును. లంబసింగికి 'కొఱ్ఱబయలు' అని మఱియొక పేరు. బయట నిలిచినవాడు చలికి కొఱ్ఱవలె బిగుసుకొనునట. ఈ దారిని వేసిన కాలమున, అనగా 1920వ దశకపు మొదట, గూడెము డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యపు గిరిజనులను బలవంతముగా పనిలోనికి దింపి, కడుపు నిండని కూలి ఇచ్చియు, ఇయ్యకయు, ఱాళ్లు కొట్టించెను. 1882 నాటి మదరాసు అటవీచట్టము అంతకుమునుపే వారి పోడు వ్యవసాయమును బిగించియుండెను. ఈ వెట్టిపని ఆ గాయముమీద కారము. గాము గంటందొర, మల్లుదొర మున్నగు వీరులు అల్లూరి సీతారామరాజు వెంట నడచుటకు గల కారణములలో ఈ దారియు ఒకటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై దాడితో మొదలైన ఆ పితూరీ, 1924 మే 7న సీతారామరాజు మరణానంతరము గాని చల్లారలేదు. లంబసింగి మలుపులలో బండి హాయిగా జారిపోవునప్పుడెల్ల, ఆ వాటమును మోకాళ్లమీద కూర్చుండి ఱాయి ఱాయిగా పేర్చిన చేతులు నాకు తలపునకు వచ్చును. రావలెను గూడ.

ఇప్పుడు రాజమహేంద్రవరమునుండి రంపచోడవరము, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకుల మీదుగా విజయనగరము వఱకు 516ఈ అను సంఖ్యతో జాతీయ రహదారి ఏర్పడినది. మన్యమంతయు ఒక్క త్రాటిమీద గ్రుచ్చినట్లు ఈ దారి సాగును. వెడల్పయిన దారి వచ్చుట మంచిదే. నిండు చూలాలిని డోలీమీద మోసికొనివచ్చు పల్లెకు అంబులెన్సు చేరుట ఎంత అవసరమో చెప్పనక్కఱలేదు. నా కోరిక ఒక్కటే: కొండను కోయునప్పుడు కోతగోడకు తగిన వాలును, నీటికి తగిన కాలువయు విడిచిపెట్టవలెను; మలుపును విప్పుటకు అవసరమునకు మించి కొండను తొలువరాదు. తిన్నగా చేసిన ప్రతి వంపునకును వానకాలమున కొండ తన లెక్క అడుగును.

మారేడుమిల్లి నుండి చింతూరు దిగు ఘాటీ మఱియొక రుచి. అచ్చట లోయలు దూరముగా విప్పుకొనవు. వెదురును, పెద్ద చెట్లును దారిమీదికి ఒరిగి పచ్చని గుహవలె చేయును. మధ్యాహ్నమే దీపములు వేయవలసిన చోట్లు కలవు. వెదురుబొంగులో కాల్చిన కోడికూర వాసన మారేడుమిల్లిలో బండిని తానే ఆపును. హైదరాబాదునుండి శ్రీశైలము పోవు నల్లమల దారిలో మలుపుకంటె నిశ్శబ్దము గొప్పది. పులుల అభయారణ్యము గుండా పోవు దారి గనుక మన్ననూరు వద్ద రాత్రి తొమ్మిదినుండి ఉదయము ఆఱువఱకు గేటు మూయుదురు. దారి ఆ గంటలలో దాని అసలు యజమానులదగును. ఉదయపు మొదటి బండిలో పోయినవాడు తారుమీద లేళ్ల గిట్టల మట్టిజాడలు చూడవచ్చును.

మలుపుల సంఖ్యతో గొప్పలు చెప్పుకొను దారులు వేఱే కలవు. తమిళనాట కొల్లిమలకు ఎక్కు దారిలో 70 హెయిర్‌పిన్ మలుపులు, ఒక్కొక్కదానికి సంఖ్య వేసిన పలకతో నున్నవి. ఇటలీలో ఆల్ప్స్ పర్వతముల స్టెల్వియో కనుమకు 1820–25 నడుమ కార్లో దొనెగాని అను ఇంజనీరు దారి వేసెను. ఒక్క ఈశాన్యపు వాలుమీదనే 48 మలుపులు, 2,757 మీటర్ల ఎత్తు. మోటారు పుట్టుటకు అఱువది ఏండ్లు మునుపు గుఱ్ఱపుబండ్లకై గీచిన ఆ గీతలమీద నేడు లోకమందలి కారు ప్రియులెల్ల తీర్థయాత్రవలె పోవుచుందురు. గుఱ్ఱము ఊపిరికి తగిన వాలే ఇంజనుకును తగియుండుట చూడగా, కొండముందు అందఱి ఊపిరియు ఒక్కటే అనిపించును.

గత మార్గశిరమున అరకు ఘాటీలో దాముకు వద్ద చూపు తెఱచుకొను చోట బండి ఆపి సాయంకాలము కొంతసేపు పిట్టగోడమీద కూర్చుంటిని. దిగువ మైదానములో దీపములు వెలుగుటకు మొదలిడినవి. లోయ అట్టడుగున, అగ్గిపుల్ల గీచినంత వెలుగొకటి పుట్టి, చెట్లలో ఆఱి, కొంచెము ఎగువగా ఎదుటి దిక్కున మరల వెలిగినది. అది అరకు పోవు చివరి బస్సు. ఒక మలుపున కనబడును. మఱు మలుపున పోవును. కనబడినప్పుడెల్ల కొంచెము ఎత్తున, కొంచెము పెద్దదిగా. మధ్యలో ఎచ్చటనో ఆగినది; ఎవరో దిగియుందురు. ఇరువది నిమిషముల తరువాత ఇంజను మూలుగు మొదట చెవికి తగిలి, పిదప పసుపు వెలుగు కోతగోడమీద ప్రాకి, పిమ్మట బస్సే మలుపు తిరిగి వచ్చినది. నన్ను చూచి డ్రైవరు హెడ్‌లైటు దించెను. కిటికీ ఊచలకు తల ఆనించి ఒక పిల్ల నిద్రపోవుచున్నది. టాపుమీద ఖాళీ గంపలు, సంత సరకులు. బస్సు నన్ను దాటి తరువాతి మలుపున ఎక్కి కనుమఱుగైనది. రెండవ గేరు శబ్దము మాత్రము చాలసేపు పైనుండి వినబడుచుండెను.